ముల్లు ఎవరిదో చూసి కొనండి

(హైదరాబాదులో పాత పాటల అభిమానులు పెట్టుకున్న ఒక ఆదివారం సమావేశంలో మాట్లాడినది. రికార్డింగు విని రాసిన పాఠం.)

వెనకవాళ్ళకి వినిపిస్తోందా? ఆ, సరే. మైకు పట్టుకుని మాట్లాడటం నాకు అలవాటు లేదు. మైక్‌సెట్టు వాళ్ళని తిట్టుకోవడం మాత్రం బాగా అలవాటు, ఆ సంగతి కాసేపట్లో వస్తుంది.

ఇక్కడ సగంమంది ఈ ఏడాదే రికార్డు ప్లేయర్ కొన్నామన్నారు. ఏం కొనాలి, ఎక్కడ కొనాలి, ఎంత పెట్టాలి అని బయట టీ దగ్గరే మొదలుపెట్టారు. పాతికేళ్ళుగా ఈ ఊళ్ళో తిరిగి నాకు అర్థమైంది ఒక్క ముక్కే, దాన్నే కాసేపు సాగదీస్తాను. పాత రికార్డు కొన్నారంటే, మీకంటే ముందు దాన్ని వాడినాయన ముల్లుని, అదే గాడి వెంట నడిచి పాట పలికించే ప్లేయర్ సూదిని, కూడా కలిపి కొన్నట్టే. ఆయన ముల్లు మంచిదైతే మీ అదృష్టం, లేకపోతే అట్ట మీద ఎవరి బొమ్మ ఉన్నా లాభం లేదు.

ఇదిగో, ఈ రెండూ చూడండి. రెండూ ఒకటే రికార్డు, ఘంటసాల గారు చివరి రోజుల్లో పాడిన భగవద్గీత, హెచ్ఎంవీ కంపెనీ ఎల్పీ, అంటే పెద్ద ప్లేటు. ఇదేమో నిగనిగలాడుతోంది. ఇదేమో దుమ్ము కొట్టుకుని, అట్ట మూల చిరిగి, చేతిలోకి తీసుకోబుద్ధి కాకుండా ఉంది. ఒకటి 800, ఒకటి 150. ఏది 800 అయి ఉంటుంది? (చేతులు లేస్తాయి) అవును, మెరిసేదే. మరి ఏది బాగా పాడుతుంది? (మళ్ళీ చేతులు) ఆహా, అయితే మీరందరూ నాలాగే 800 పోగొట్టుకునేవాళ్ళే. (నవ్వులు)

ఆ మెరుపు ఏమిటో ఇంటికి తెచ్చాక తెలిసింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కొబ్బరినూనె వాసన! దూదితో పట్టించి బాగా రుద్దాడు మహానుభావుడు. నూనె పట్టించిన రికార్డు బల్బు కింద కొత్తదానిలా మెరుస్తుంది, ఆ తర్వాత దుమ్ము మొత్తం పట్టుకుని కూర్చుంటుంది. సరే, నూనె కడిగేశాను. కడిగాక అసలు రంగు బయటపడింది. ఇక్కడ మొదటి వరసలో ఉన్నవాళ్ళు దగ్గరకొచ్చి చూడండి, ఫోన్ టార్చి ఇలా పక్కనుంచి వాలుగా వెయ్యాలి, పైనుంచి వేస్తే ఏమీ కనపడదు. గాడి బాగున్న చోట వెలుగు సన్నటి తీగలా జారుతుంది. అరిగిపోయిన చోట బూడిద రంగు పొగలా ఉంటుంది. గొంతు పైస్థాయికి వెళ్ళిన చోటల్లా ఆ బూడిద చూడండి. అక్కడ గాడి గట్టిగా వంకరలు తిరుగుతుంది, చెడ్డ ముల్లు ఆ వంకరల్నే ముందు తినేస్తుంది.

ఇంకోటి, చాలామంది చూడనిది. మధ్యలో రంధ్రం చుట్టూ, లేబుల్ మీద చూడండి. సన్నటి గీతలు, పిల్లి గోళ్ళతో గీరినట్టు. ప్లేటు పెట్టేటప్పుడు మధ్య కడ్డీ కోసం తడుముకుంటే పడే గీతలివి. నాలుగైదు ఉంటే ఇంట్లో అప్పుడప్పుడు విన్నది. ఇన్ని ఉన్నాయంటే రోజూ తెల్లవారుజామున నిద్రకళ్ళతో చీకట్లో ఎవరో పెట్టారన్నమాట. అట్ట వెనక రబ్బరు స్టాంపుని బ్లేడుతో గీకేశారు గానీ చివర 'స్థానం' అన్న ముక్క మిగిలిపోయింది. దేవస్థానం అయ్యుంటుంది. గుడి మైకులో ఎన్ని వందలసార్లు మోగిందో ఆ భగవంతుడికే తెలియాలి.

మురికిది ఒక ఇంట్లో కొన్నాను. అమ్మిన ఆయన చెప్పాడు, "మా అమ్మ దీన్ని ఇంట్లో వెయ్యనిచ్చేది కాదండీ, ఎవరో పోయినట్టుంటుంది అనేది" అని. మనకి తెలిసిందే కదా, వీధిలో భగవద్గీత వినిపిస్తే ఎవరు పోయారా అని గుమ్మంలోకి వచ్చి చూస్తాం. (నవ్వులు) ఆ భయం ఈ ప్లేటుని కాపాడింది. నీళ్ళలో రెండు చుక్కల లిక్విడ్ సోపు వేసి కడిగితే లోపల కొత్తది. రంధ్రం చుట్టూ లెక్కపెట్టాను, మూడే గీతలు. అందుకే చెప్పేది, దుమ్ము చూసి భయపడకండి, కడిగితే పోతుంది. అరుగుదల కడిగితే పోదు.

ముల్లు సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఇది తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

పాత కీ ఇచ్చే గ్రామఫోను ఉంది కదా, దాని ముల్లు బిగించే తలకాయ బరువు ప్లేటు మీద వంద గ్రాముల పైన పడేది. ఇనప ముల్లు. ఒక వైపు పాడగానే ముల్లు తీసి పారేసి కొత్తది పెట్టాలి, అందుకే కుక్కబొమ్మ రేకు డబ్బాల్లో 200 చొప్పున అమ్మేవాళ్ళు. మనవాళ్ళు పారేస్తారా? అదే ముల్లుతో పెళ్ళి మొత్తం నడిపించేసేవాళ్ళు. తర్వాత కరెంటు ప్లేయర్లు వచ్చాయి, హెచ్ఎంవీ ఫియెస్టా లాంటివి, మూత పెడితే పెట్టెలా ఉండేవి, మీలో చాలామంది ఇళ్ళల్లో ఉండే ఉంటాయి. వీటి ముల్లు ఐదారు గ్రాముల బరువు వేస్తుంది. ఆ కాలపు చాలా ప్లేయర్లలో ముల్లుని అటూ ఇటూ తిప్పుకునే ఏర్పాటు ఉండేది, ఒకవైపు 78కి, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలపు ప్లేటుకి, లావుది, ఒకవైపు ఎల్పీకి సన్నది. 78 ముల్లు ఎల్పీ ముల్లుకి దాదాపు మూడింతల లావు. పిల్లలు తిప్పడం మర్చిపోయి లావు ముల్లుతో ఎల్పీ వేసేస్తే దాని పని అయిపోయినట్టే. నీలమణి ముల్లు యాభై గంటలకే అరిగిపోతుంది, వజ్రం ముల్లు ఐదొందల నుంచి వెయ్యి గంటలు ఆగుతుంది. ఆ రోజుల్లో వజ్రం ముల్లు ఎంతమంది పెట్టించుకున్నారు చెప్పండి? ముల్లు పూర్తిగా విరిగిపోయేదాకా వాడటం మన సంప్రదాయం.

ఇప్పుడు మైక్‌సెట్టు వాళ్ళు. తెలుగు సినిమా పాటల చిన్న ప్లేట్లు, అదే ఈపీలు, బజారుకి వచ్చినవాటిలో చాలా భాగం వీళ్ళవే. పెళ్ళిళ్ళు, జాతర్లు, వినాయక చవితి పందిళ్ళు, సినిమా హాళ్ళలో ఆట మొదలయ్యేముందు, ఆఖరికి రికార్డింగ్ డ్యాన్సులు, ఆ పేరే ఈ ప్లేట్ల నుంచి వచ్చింది. నిజం చెప్పాలంటే వాళ్ళే లేకపోతే మన పల్లెలకి పాట ఎక్కడిది? అందుకని మరీ తిట్టకూడదు. కానీ వాళ్ళ ప్లేటు కొనకూడదు. గుర్తుపట్టడం తేలిక. లేబుల్ మీద పెయింటుతో పెద్ద నంబరు వేసుంటుంది, చీకట్లో పెట్టెలోంచి తియ్యడానికి. రెండు వైపుల్లో ఒకవైపు హిట్టు పాట తెల్లగా అరిగి ఉంటుంది, రెండో వైపు పాట ఎవడూ అడగలేదు కాబట్టి పెళ్ళికూతురులా ఉంటుంది. నా దగ్గర అలాంటివి ఓ అరవై ఉన్నాయి. మొదట్లో తెలీక కొన్నవి. ఒకరకంగా మంచిదే అయింది, ఎవరూ అడగని పాటలన్నీ నాకు కంఠతా వచ్చేశాయి.

ఎక్కడ వెతకాలి అంటారా. ఆదివారం ఆబిడ్స్. దుకాణాలు మూసేసి ఉంటాయి, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. ఒకప్పుడు పుస్తకాల పక్కన ఎల్పీల కుప్పలు ఉండేవి, ఇప్పుడు నాలుగు వారాలు తిరిగితే ఒక వారం కనపడతాయి. అక్కడ నేను నేర్చుకున్న పాఠం ఏమిటంటే అట్ట చూసి డబ్బులివ్వకూడదు. కర్ణాటక సంగీతం ఎల్పీ అని ఎగిరి గంతేసి కొన్నాను, ఇంటికెళ్ళి తీస్తే లోపల బోనీ ఎమ్ ఇంగ్లీషు డిస్కో పాటలు! మళ్ళీ వారం వెళ్ళి అడిగితే, "సాబ్, ప్లేట్ తో హై నా అందర్?" అన్నాడు. ఉంది మరి, లేదని ఎలా అంటాం. (నవ్వులు) అప్పటినుంచి అట్టలోంచి బయటికి తీసి, లేబుల్ చదివి, రెండో వైపు కూడా చదివి, అప్పుడు బేరం మొదలుపెడతాను. తియ్యనివ్వకపోతే కొనను.

ఎర్రగడ్డ ఆదివారం సంతకి వెళ్ళాలంటే పొద్దున్నే వెళ్ళాలి. మిక్సీలు, డ్రిల్లింగ్ మెషిన్లు, ఒంటి చక్రం సైకిళ్ళ మధ్య దొరికితే దొరుకుతాయి. గురువారమైతే బేగంబజార్ వైపు జుమ్మేరాత్ బజార్. ఈ రెండు చోట్లా ఒకటే ఇబ్బంది, ప్లేట్లని ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి ఎండలో పెడతారు. రికార్డుని ఎప్పుడూ నిలబెట్టి ఉంచాలి, పుస్తకంలా. పడుకోబెడితే కిందది వంగిపోతుంది. కొనేముందు కంటి ఎత్తుకి తెచ్చి అంచు వైపునుంచి చూడండి, చదునుగా ఉందా, అప్పడంలా లేచిందా అని.

అప్పడం అంటే గుర్తొచ్చింది. ఒక మే నెలలో, పన్నెండు ఎల్పీలు చాలా మంచివి దొరికాయి, కారు వెనకసీట్లో పెట్టి, ఆకలేస్తోందని ఒక హోటల్లోకి వెళ్ళాను. బిర్యానీ తిని, ఇరానీ చాయ్ తాగి, గంటన్నర తర్వాత వచ్చి చూస్తే పైన ఉన్న నాలుగూ గిన్నెల్లా అయిపోయాయి. వాటిలో చట్నీ పోసుకోవచ్చు. ఎవరి తప్పూ కాదు, నాదే. ఎండలో మూసేసిన కారు లోపలి వేడికి ప్లాస్టిక్ మెత్తబడిపోతుంది. అందుకని ఎండాకాలంలో రికార్డులు కొంటే తిండి తర్వాత చూసుకోండి, లేదా రికార్డుల్ని చంకన పెట్టుకుని తినండి. నేనిప్పుడు అదే చేస్తాను, వెయిటర్లు వింతగా చూస్తారు.

చార్మినార్ దగ్గర లాడ్ బజార్ దాటి మెహబూబ్ చౌక్ వైపు వెళ్తే పాత సామాను కొట్లున్నాయి. అక్కడ 78 ప్లేట్లు కనపడతాయి. ఇక్కడ ఒక చిత్రం ఉంది. 78 రికార్డు ఎల్పీలా వినైల్ అనే ప్లాస్టిక్ కాదు, లక్క. అవును, చెట్ల కొమ్మల మీద పురుగు పెట్టే లక్క. ప్రపంచం మొత్తానికి లక్క మన దేశం నుంచే ఎక్కువగా వెళ్ళేది. లాడ్ బజార్‌లో గాజులవాళ్ళు నిప్పు మీద కరిగిస్తున్న లక్కా, పక్క సందులో దుమ్ములో పడున్న పద్యాల ప్లేటూ ఒకే సరుకు. ఇది తెలియకపోతే ఏమవుతుందో నన్నడగండి. ఒక రిపేరు షాపులో కుర్రాడు "స్పిరిట్ పెట్టి తుడవండి సార్, తళతళలాడుద్ది" అన్నాడు. వినైల్‌కి ఫరవాలేదు. నేను తీసుకెళ్ళి ఒక పద్యనాటకం ప్లేటుకి పట్టించాను. స్పిరిట్‌లో లక్క కరుగుతుంది, ఆ మాట ఏ వడ్రంగినడిగినా చెప్తాడు, చెక్కకి పాలిష్ పెట్టేది దాంతోనే కదా. దూది నల్లగా వస్తుంటే మురికి పోతోందని సంబరపడ్డాను. పోయింది మురికి కాదు, పద్యం. (నవ్వులు) రాగం మధ్యలో గొంతు మాయమై బర్ర్ మని ఒకటే మోత. 78లని ఉత్త నీళ్ళతో, తడిగుడ్డతో తుడిచి వెంటనే ఆరబెట్టండి, అంతే.

ఇంకో మాట, 78లు మన దగ్గర 1960ల్లో కూడా తయారయ్యాయి. బయట చాలా దేశాల్లో అప్పటికే మానేశారు. అందుకే ఇంగ్లండు బీటిల్స్ బృందం పాటలతో కలకత్తా పక్కన హెచ్ఎంవీ వాళ్ళ డమ్‌డమ్ ఫ్యాక్టరీలో తయారైన 78లంటే విదేశీ కలెక్టర్లు పడి చస్తారు, లక్షల్లో పోతాయి. ఈ ముక్క ఎవరో వీడియోలో చెప్పారు, అంతే, ఇప్పుడు ప్రతి పాత సామాను వాడూ మూడు ముక్కలైన ప్లేటు చూపించి "సాబ్, యే బీటిల్ హై" అంటున్నాడు. తెలుగు లిపిలో పేరు రాసున్నదానికి కూడా.

నన్నడిగితే సంతల కంటే ఇళ్ళు నయం. సికింద్రాబాద్ వైపు పాత ఇళ్ళు పడగొట్టి అపార్టుమెంట్లు కడుతున్నారు కదా, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అటక మీదవి కిందికొస్తాయి. కంటోన్మెంట్, రైల్వే కుటుంబాల ఇళ్ళల్లో అమెరికా గాయకుడు జిమ్ రీవ్స్ లేని పెట్టె నేను చూడలేదు. ఒకసారి మారేడుపల్లిలో ఒక పెద్దావిడ పిలిపించారు. భర్త రైల్వేలో చేసి రిటైరయ్యారట, పోయి రెండేళ్ళయిందట. నూటయాభై దాకా ఎల్పీలు, అన్నీ నిలబెట్టి, ప్రతిదానికీ లోపల పల్చటి కాగితం కవరు. ఒకటి తీసి చూస్తే ఆ కవరు మూల పెన్సిలుతో గీతలు. నాలుగు నిలువు, ఒకటి అడ్డం, మళ్ళీ నాలుగు నిలువు. పాలవాడి లెక్కలా. ఏమిటమ్మా ఇది అంటే, విన్నప్పుడల్లా ఒక గీత పెట్టేవారు అన్నారు. అన్నిటి గీతలూ కలిపి ముల్లు ఎన్ని గంటలు తిరిగిందో లెక్క కట్టేవారట. బల్ల సొరుగులో చిన్న నోటుబుక్కు ఉంది, ముల్లు మార్చిన తేదీలు, ఖరీదు, ఎన్ని గంటలకి మార్చిందీ అన్నీ రాసున్నాయి. నాకు నోట మాట రాలేదు. నేను ఏ ప్లేటూ టార్చి వేసి చూడలేదు ఆ రోజు. ఆవిడ చెప్పిన ధరకి మారు మాట్లాడకుండా ఇచ్చాను, అది చాలా తక్కువ అనిపించి ఇంకొంత కలిపాను కూడా. సుబ్బులక్ష్మి గారి సుప్రభాతం ఒకటి పక్కన పెట్టుకున్నారు. "బాబూ, ఆ ముల్లు కూడా తీసుకుపోతావా?" అని అడిగారు. ప్లేయరుతో పాటు దాన్ని అక్కడే వదిలేసి వచ్చాను. మరి సుప్రభాతం దేంతో వేసుకుంటారు?

సుప్రభాతం అంటే చెప్పాలి, 1963 నాటి రికార్డది, తెలుగు ఇళ్ళల్లో ఎక్కువగా కనపడేవాటిలో ఒకటి. ఎక్కువ ఉన్నాయి కాబట్టి ఖరీదు తక్కువే ఉండాలి, 'చాలా అరుదు సార్' అంటే నమ్మకండి. నాకు దొరికిన కాపీలన్నిటిలో మొదటి వైపు నలిగిపోయి ఉంది. కానీ సుబ్బులక్ష్మి గారు 1980 ప్రాంతంలో తిరుపతి దేవస్థానం కోసం పాడిన బాలాజీ పంచరత్నమాల ఐదు ఎల్పీలున్నాయి చూడండి, అవి చాలా ఇళ్ళల్లో కొని, కళ్ళకద్దుకుని, దేవుడి గూట్లో పెట్టేశారు. అన్నమయ్య పాటలు, ఒక్క గీత లేకుండా దొరుకుతాయి. కనపడితే వదలకండి.

వేరే ఊళ్ళంటారా. మన సినిమా మద్రాసులో ఉన్నంతకాలం పాటలు అక్కడే రికార్డు చేశారు, కాబట్టి తెలుగు ప్లేట్లు చెన్నైలో ఇప్పటికీ దొరుకుతాయి. వీటికి పెద్ద గని లాంటి మూర్ మార్కెట్ 1985లో కాలిపోయింది. చెన్నై, విశాఖ సరుకులో బూజు చూసుకోవాలి, తేమ ఊళ్ళు కదా. ముంబయిలో కాలాఘోడా దగ్గర రిథమ్ హౌస్ 2016లో మూసేశారు. చోర్ బజార్ మటన్ స్ట్రీట్‌లో ఇంకా ఉన్నాయి, శుక్రవారం కొట్లు మూత, కానీ ఆ పొద్దున్నే రోడ్డు మీద పరిచే బజారు వేరే ఉంటుంది, రైలు దిగి నేరుగా అక్కడికే వెళ్ళేవాణ్ణి. కలకత్తాలో ఫ్రీ స్కూల్ స్ట్రీట్. పాట మద్రాసులో పాడితే ప్లేటు కలకత్తా పక్కన డమ్‌డమ్‌లో ముద్రపడి, ఏలూరులో అమ్ముడుపోయి, ఎర్రగడ్డలో తేలుతుంది. మనకంటే ఎక్కువ దేశం తిరిగాయి ఇవి.

కొత్త రికార్డుల గురించి. కొత్తది కొంటే ఎవరి ముల్లు గొడవా లేదు, మొదటి ముల్లు మనదే. అది పెద్ద సుఖం. కానీ రెండు వేలనుంచి నాలుగు వేల దాకా పెట్టాలి ఒక్కో ఎల్పీకి. మన దేశంలో రికార్డులు ముద్రించే ప్లాంట్లన్నీ మూతబడి ఏళ్ళు గడిచాయి, అందుకని మన పాటల కొత్త ఎల్పీలు కూడా యూరప్‌లో ముద్రించుకుని తెచ్చుకుంటున్నారు. 2024లో ముంబయిలో మళ్ళీ ఒక ప్లాంటు మొదలైంది, చూడాలి. అమెరికాలో 2022లో సీడీల కంటే ఎల్పీలే ఎక్కువ అమ్ముడయ్యాయి, నాలుగు కోట్ల పైచిలుకు, కాబట్టి ఇప్పట్లో ధర దిగుతుందని ఆశ పెట్టుకోకండి. తెలుగువి మాత్రం బహు తక్కువ వస్తున్నాయి. హిందీ, ఇళయరాజా గారి తమిళం వచ్చినంత మనవి రావడం లేదు.

180 గ్రాములు అని అట్ట మీద స్టిక్కరు ఉంటుంది, దాన్ని చూసి పొంగిపోకండి. అది బరువు, అంతే. ముద్దపప్పు ఎక్కువ వేసినంత మాత్రాన వంట బాగున్నట్టు కాదు. పాటని ఎక్కణ్ణించి తీసుకుని చేశారన్నది ముఖ్యం, పాత టేపు నుంచా, సీడీ నుంచా? చెప్పకపోతే అనుమానించండి. కొత్తది కొన్నా రెండు చూడాలి. మధ్య రంధ్రం సరిగ్గా మధ్యలో లేకపోతే వీణ, వేణువు లాంటివి ఊగుతూ వినిపిస్తాయి, తలకాయ పక్కకీ పక్కకీ ఊగుతుంటే కంటికే తెలుస్తుంది. రెండోది, ప్రతి వైపూ చివరి పాట వినండి. ప్లేటు బయటి అంచున ముల్లు కింద గాడి సెకనుకి 50 సెంటీమీటర్ల వేగంతో పోతుంది, లోపలికొచ్చేసరికి 21 అయిపోతుంది. అంటే అదే సంగీతాన్ని సగం కంటే తక్కువ చోటులో ఇరికించాలి. చివరి పాటలో స, శ లు బుసకొట్టకుండా ఉంటే ఆ రికార్డూ మంచిదే, మీ ముల్లూ మంచిదే.

కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు చాలామంది ఆ రంగురంగుల సూట్‌కేసు ప్లేయర్లు కొంటున్నారు. ఇంట్లో అలంకారంగా బావుంటాయి, కాదనను. వాటిలో చాలావాటి ముల్లు బరువు పాత ఫియెస్టా లాంటిదే. మంచి ప్లేయర్‌లో రెండు గ్రాములు, అటూఇటూగా. అంటే నాలుగు వేలు పెట్టి కొన్న కొత్త ఎల్పీని ఇంట్లో కూర్చుని మనమే మైక్‌సెట్టు సరుకు చేస్తున్నాం. మీ తర్వాత ఇంకోడు కొంటాడు కదా, వాడు టార్చి వేసి చూసి "ఛ, ఎవడు వాడాడో" అనుకుంటాడు. డబ్బులు చాలకపోతే రికార్డులు రెండు తగ్గించుకుని ముల్లు మీద పెట్టండి. కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే సామాను దొరుకుతుంది, బిగించేవాళ్ళూ దొరుకుతారు.

(ప్రశ్న: ఆన్‌లైన్‌లో కొనొచ్చా సార్?)

కొనొచ్చు, నేనూ కొంటాను. కానీ రికార్డు ఎలా ఉందో చెప్పే గ్రేడింగ్ భాష నేర్చుకోండి. అక్కడ 'గుడ్' అంటే బాగాలేదని అర్థం. 'వెరీ గుడ్' అంటే చిటపటలుంటాయి, ఓర్చుకో అని. 'వీజీ ప్లస్', అంటే వెరీ గుడ్ ప్లస్, నుంచి పైన ఉంటేనే చెయ్యి పెట్టండి. మనవాళ్ళు వాట్సాప్‌లో "కండిషన్ సూపర్" అంటారు, దానికి ఏ దేశంలోనూ నిర్వచనం లేదు. టార్చి వేసి ఫొటో పెట్టమనండి, పెట్టకపోతే వదిలెయ్యండి.

(ప్రశ్న: రికార్డు నంబర్లలో అంకెల ముందు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి కదా, అవేంటి?)

హెచ్ఎంవీ వాళ్ళ ఎల్పీల మీద ఈసీఎస్‌డీ అనుంటే స్టీరియో, అంటే రెండు స్పీకర్లకి వేరువేరు శబ్దం, ఈసీఎల్‌పీ, ఈఏఎల్‌పీ అనుంటే మోనో, అంటే అంతా ఒకటే శబ్దం. మోనో అని చిన్నచూపు వద్దు, మన పాత పాటలు చాలావరకు పుట్టడమే మోనోగా పుట్టాయి.

(ప్రశ్న: బేరం ఎలా ఆడాలి?)

ముఖం. ముఖంలో ఏమీ కనపడకూడదు. మీక్కావాల్సింది కుప్పలో కనపడితే దాన్ని ముట్టుకోకుండా దాని పక్కది తీసి ధర అడగండి. మా ఆవిడ వస్తే నాకు సగం ధరకే వస్తాయి, ఆవిడకి నిజంగానే వీటిమీద ఆసక్తి లేదు, ఆ నిర్లిప్తత నటిస్తే వచ్చేది కాదు. (నవ్వులు)

ఇంక చాలు, ప్లేయర్ తెచ్చాను, రెండు కాపీలూ వేస్తాను. ముందు గుడిది, తర్వాత ఆ అమ్మ వెయ్యనివ్వనిది. వేసేది భగవద్గీత కాబట్టి ఎవరికైనా ఇబ్బందిగా ఉంటే ఓ పది నిమిషాలు బయట కూర్చోండి, టీ ఇంకా ఉంది. బాబూ, ఆ ఫ్యాను కట్టెయ్, దుమ్ము రేగుతుంది.